ఏటవాలు ముఖం

కార్ఖానా పై గది నుంచి

మరదలు పిల్లకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి ఆ మాట రాశాను. ఇక నిజం రాస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడేలోపు నాకు దగ్గొస్తుంది. అటునుంచి నువ్వు "వదినా, వదినా" అని అరుస్తావు. మీ అన్నయ్య నా చేతిలోంచి లాక్కుని "ఏం లేదే, పొలమారింది" అంటాడు. రోజూ పొలమారేంతగా నన్నెవరు తలుచుకుంటున్నారో నాకైతే తెలియదు.

పోయిన వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. గొట్టంలోకి ఊదమంది. ఊదాను. ఇంకోసారి ఊదమంది. చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టర్లు కళ్ళజోడు తీశారంటే మంచి మాట చెప్పరు. "ఏం పని చేస్తారమ్మా?" అంది. కుర్చీలూ బీరువాలూ మా ఆయన చేస్తాడని, నేను వాటికి వార్నిష్ వేస్తానని చెప్పాను. "ఆ వార్నిష్ ఆవిరి, థిన్నర్ ఆవిరి మీ ఊపిరి తినేస్తున్నాయి. ఆ గదిలో గాలన్నా మారాలి, మీ పనన్నా మారాలి. చలికాలం అయ్యేదాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం బ్రష్ పట్టుకోవద్దు" అంది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. గరిటె వదిలెయ్యమను, ఈ క్షణం వదిలేస్తాను. బ్రష్ వదిలెయ్యమంటే నేనేమవుతాను? పెళ్ళయిన కొత్తలో మీ అన్నయ్య చేసిన మొదటి కుర్చీ ఎవరికీ నచ్చకపోతే, దానికి నేను పూత వేశాకే అమ్ముడుపోయింది. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు, నువ్వైనా గుర్తుపెట్టుకో.

కింద పూత వేసే గదిలో కిటికీలు తీసి పని చేద్దామంటే వీధి దుమ్మంతా తడి పూత మీద వాలుతుంది. మూసుకుంటే ఆవిరంతా నా మీద వాలుతుంది. గోడకు పెద్ద ఫ్యాన్ పెట్టి బయటికి తోసేద్దామంటే, వెనక ఇంటి కిటికీ సరిగ్గా అక్కడే ఉంది. వాళ్ళ పిల్లలు ఆ కిటికీ పక్కనే పడుకుంటారు. నా విషం వాళ్ళకెందుకు?

వెలుగు పడితే గాల్లో విషాన్ని తినేసే పొడి చేస్తున్నానని నువ్వు చెప్పినప్పుడు, "మీ అన్నయ్య గురకని తినేసే పొడి చెయ్యి" అని ఎగతాళి చేశాను. ఇప్పుడు ఎగతాళి కాదు. ఉంటే పంపు.

మీ వదిన


ప్రయోగశాల, మూడో అంతస్తు

వదినకి,

అన్నయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. పొలమారిందట! ఇన్ని నెలలుగా అదే పాట. వాడు చిన్నప్పుడు కూడా అంతే, అద్దం పగలగొట్టి పిల్లి మీదికి తోసేవాడు. మా ఇంట్లో పిల్లే లేదు.

పెట్టె పంపుతున్నాను. లోపల కాల్చిన మట్టి పలకలున్నాయి. వాటి మీది తెల్లటి పూతే నా పొడి. మధ్యలో ఊదారంగు దీపం, వెనక చిన్న ఫ్యాన్. ఫ్యాన్ గదిలో గాలిని లోపలికి లాగి, పలకల మీదుగా పోనిచ్చి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. కాబట్టి వెనక ఇంటి పిల్లలకు ఇబ్బంది లేదు. పని చేస్తున్నంతసేపూ వేసే ఉంచు. దీపం వెలుగుతుండగా మాత్రం మూత తీసి చూడకు, కళ్ళకు మంచిది కాదు.

పొడి కొత్తదేమీ కాదు వదినా, గోడల తెల్లరంగులో కలిపేదే. టైటానియం డయాక్సైడ్ అంటారు. అయితే ఒక్కో రేణువూ ఒక స్ఫటికం. రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించి, పై కొసా కింది కొసా కోసేశావనుకో, అలా ఉంటుంది. కోసినచోట చదును ముఖం. పక్కలంతా ఏటవాలు ముఖాలు. వెలుగు పడ్డప్పుడు ఆవిరి ఆ ముఖాలకు తగిలి, ముక్కలై, చివరికి నీళ్ళూ బొగ్గుపులుసు వాయువూ అయిపోతుంది. చదును ముఖం మహా చురుకు, ఏటవాలు ముఖం బద్ధకం. పొడి ఉడికించేటప్పుడు పోసే ఆసిడ్‌ని బట్టి ఏ ముఖం పెరగాలో మనమే చూసుకోవచ్చు. ఏటవాలు అన్నది లేకుండా, దాదాపు అంతా చదును ముఖమే ఉండే పొడి చెయ్యాలని నా పంతం. మా ప్రయోగశాల నడిపే మేడం కూడా దానికోసమే ఎదురుచూస్తున్నారు.

కవరులో మూతలున్న బిళ్ళలు ఉన్నాయి. పెట్టె వెయ్యకముందు ఒక వారం ఒకటి, వేశాక ఒక వారం ఒకటి, నీ ముక్కు ఎత్తులో గోడకు వేలాడదీసి, మూత పెట్టి నాకు పంపు. గాల్లో ఆవిరి ఎంతుందో అవి పట్టుకుని చెబుతాయి.

పలకల గురించి నువ్వేం ఆలోచించకు. ఉన్నంతలో మంచిదే వేశాను.

నీ మరదలు


కార్ఖానా పై గది నుంచి

మరదలు పిల్లకి,

పెట్టె అందింది. ఒక్క మేకు కొట్టి తగిలిస్తే అయిపోయేదానికి మీ అన్నయ్య టేకు చెక్కతో అర చేసి, మేకు లేకుండా చెక్కలోకి చెక్క దిగేలా కుసులు కలిపి, నాలుగుసార్లు చిత్రిక పట్టి, రెండు రోజులు తిన్నాడు. "మా చెల్లెలి పెట్టె" అంటాడు. నేను కట్టుకున్న చీరను కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

నువ్వు రాసిన ముఖాల సంగతి నాకు బాగానే అర్థమైంది. ఒకే పొడి, ముఖం మారితే గుణం మారడమేమిటని మీ అన్నయ్య బుర్ర గోక్కున్నాడు. నేను చెప్పాను: చెక్కను నిలువుగా కోసిన వైపు వార్నిష్ ఒక పూతకే నిలుస్తుంది, అడ్డంగా కోసిన వైపు ఎన్ని పూతలేసినా తాగేస్తూనే ఉంటుంది. చెక్క ఒకటే కదా? దాంతో ఆయన నోరు మూతపడింది. సాధారణంగా పడదు.

పెట్టె గురించి మంచి మాటలే రాయాలి. తలనొప్పి సగం తగ్గింది. దగ్గు కూడా నెమ్మదించింది. ఫ్యాన్ గాలి మొహానికి హాయిగా ఉంది. నా వంతుగా నేనూ నీ పెట్టెకు కాస్త సేవ చేశాను. ఏమిటని అడక్కు, వచ్చినప్పుడు చూద్దువుగాని. చూస్తే నువ్వే మెచ్చుకుంటావు.

బిళ్ళలు రెండూ ఇందులో పెట్టాను. నీ ఆరోగ్యం జాగ్రత్త. మాకు చెప్పేదానివి నువ్వు తింటున్నావో లేదో.

మీ వదిన


ప్రయోగశాల, మూడో అంతస్తు

వదినా,

బిళ్ళలు చదివాను. నీ ఉత్తరం ఒక మాట చెబుతోంది, బిళ్ళలు ఇంకో మాట చెబుతున్నాయి. పెట్టె వెయ్యకముందు గాల్లో ఎంత ఆవిరి ఉందో, వేశాకా అంతే ఉంది. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

దీపం వెలుగుతోందా? ఫ్యాన్ తిరుగుతోందా? తలనొప్పి సగం తగ్గిందన్న మాట నిజమేనా? దీపం, ఫ్యాన్ సరిగ్గానే ఉంటే మాత్రం తప్పు నాదే. నీకు చెప్పని మాట ఒకటుంది, చెప్పేస్తాను. నేను చెయ్యాలనుకున్న చదును ముఖం పొడి అప్పటికి చెంచాడు కూడా తయారవ్వలేదు. నువ్వు అడిగావు, నేను ఆగలేకపోయాను. పాడైందని పక్కన పెట్టిన పొడి ఒకటి సీసా నిండా ఉంది. ఉడికించేటప్పుడు ఆసిడ్ చాలక, దాంట్లో చదును ముఖమెంతో ఏటవాలు ముఖమూ అంతే మిగిలిపోయింది. మైక్రోస్కోప్‌లో మొహం చూసి తోసేసిందే, పరీక్ష కూడా చెయ్యలేదు. అదే పలకలకు వేసి పంపాను. రెండో రకం సరుకు నీకు అంటగట్టి, ఉన్నంతలో మంచిదని రాశాను. నీ ఊపిరితో పందెం కాశాను వదినా. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

అసలు పొడి ఈ నెలలో తయారవుతుంది. ఆ పలకలు తీసి నాకు పంపెయ్యి. వాటి మీదే కొత్తది వేసి పంపుతాను. అప్పటిదాకా ఆ గదిలోకి వెళ్ళకు, నీకు దణ్ణం పెడతాను.

నీ మరదలు


కార్ఖానా పై గది నుంచి

అమ్మాయ్,

తలనొప్పి తగ్గలేదు. దగ్గు పెరిగింది. నువ్వు అంత కష్టపడి పంపావు కదా, పని చెయ్యలేదని రాయడానికి చెయ్యి రాలేదు. దీపం వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, వాటి తప్పేం లేదు.

నీ మీద కోపం లేదు. రెండో రకం అయితే ఏం, అడగ్గానే పంపింది నువ్వొక్కదానివే. కోపమంతా మీ అన్నయ్య మీద. ఊరి చివర బీరువాల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ చెక్కలు అచ్చుపోసి, రంగేసి ఎక్కడినుంచో వస్తాయి, వీళ్ళు స్క్రూలు బిగిస్తారంతే. నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్ళి అక్కడ ఉద్యోగం మాట్లాడుకుని వచ్చాడు. "చలికాలం అవ్వగానే చేరతానన్నా. కింద కార్ఖానాకి తాళం వేద్దాం" అన్నాడు. కుసి కలపకుండా స్టూలు కూడా చెయ్యని మనిషి, స్క్రూలు బిగిస్తాడట! నేను అరిచాను. ఆయన అరవలేదు. "నువ్వు మెట్లెక్కుతుంటే కింద నేను లెక్కపెడుతుంటా, ఎన్నిసార్లు ఆగావోనని. ఇంక నావల్ల కాదు" అన్నాడు.

పలకలు గుడ్డలో చుట్టి పార్శిల్ చేశాం. గదిలోకి వెళ్ళనని మాటివ్వలేను. బడివాళ్ళ బెంచీలు సగం పూతతో ఉన్నాయి.

మీ వదిన


ప్రయోగశాల, మూడో అంతస్తు

వదినా,

మంచి కబురు రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. లేదు. చదును ముఖం పొడి తయారైంది. మైక్రోస్కోప్‌లో చూస్తే పేర్చిన పలచని బిళ్ళల్లా, ఎంత అందంగా ఉందో! మేడం కూడా "బాగా వచ్చిందమ్మా" అన్నారు. పరీక్ష గదిలో థిన్నర్ ఆవిరి వదిలి, దీపం వేసి చూస్తే చప్పగా ఉంది. బజారులో దొరికే మామూలు పొడి కన్నా కాస్త నయం, అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టాను. మేడం చూసి, "ఈ ముఖాల పని ఇంకెన్నాళ్ళు చేద్దాం?" అని మాత్రం అడిగారు. ఆవిడ గొంతు మెత్తబడితే నాకు భయం.

నీకు పంపడానికి నా దగ్గర ఏమీ లేదు వదినా. ఈ మాట రాయడానికే

ఇక్కడ ఆపేశాను, కింద మీ పార్శిల్ ఇన్నాళ్ళకు వచ్చిందని పిలిచారు. మళ్ళీ అందుకుంటున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు, రెండూ చేస్తున్నాను.

గుడ్డ విప్పాను. పలకలు తళతళా మెరుస్తున్నాయి. ముందు నాకేమీ తోచలేదు, ఒకదాంట్లో నా మొహం కనిపించేదాకా. వదినా, వాటికి వార్నిష్ వేశావు కదూ? నీ వంతు సేవ అంటే ఇదేనా? పొడి మీద అద్దంలాంటి పూత ఉంటే గదిలో గాలి పొడికి తగిలేదెలా? ఆ పెట్టె ఇన్నాళ్ళూ పనిచెయ్యలేదని కాదు, పని చెయ్యడానికి దానికి అవకాశమే రాలేదు!

కోపం లేదు, ఒట్టు. చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి చూపించాను. మేడం పలకను వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఎక్కడా బ్రష్ చార కనపడదే, ఎవరీవిడ?" అన్నారు. మా వదిన అని చెప్పాను. గర్వంగానే చెప్పాను.

నీ మరదలు


కార్ఖానా పై గది నుంచి

అమ్మాయ్,

తల ఎత్తుకోలేకుండా ఉన్నాను. మీ అన్నయ్య మూడు రోజులుగా నవ్వుతున్నాడు, అన్నం తింటూ కూడా నవ్వుతున్నాడు. ఇంకెవరికైనా చెప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు.

నేనేం చెయ్యను? ముట్టుకుంటే సుద్దలా చేతికి అంటింది. ఇంత దూరం నుంచి పంపింది, రెండు రోజుల్లో రాలిపోతుందే అని ప్రాణం ఉసూరుమంది. చెక్కయినా మట్టయినా పూత లేకుండా వదలడం నా చేతికి రాదు. ఉన్నవాటిలో ఖరీదైన వార్నిష్ తీసి, రెండు పూతలు వేసి, మధ్యలో ఉప్పుకాగితంతో సన్నగా రుద్దాను కూడా. అంటే ఆవిరిని తినే పెట్టెను ముందు ఆవిరితోనే నింపానన్నమాట. తెలివి తెల్లారినట్టే ఉంది.

నీ రెండో రకం పొడిని అనవసరంగా ఆడిపోసుకున్నాం. దానికి నా తరఫున క్షమాపణ చెప్పు.

మీ వదిన


ప్రయోగశాల, మూడో అంతస్తు

వదినా,

క్షమాపణ చెప్పాల్సింది నేనే, నీకు కాదు, ఆ పొడికి. కూర్చుని చదువు. అన్నయ్యని కూడా పిలిచి వినిపించు.

నీ వార్నిష్ వదలగొట్టడానికి పలకలను ఫర్నేసులో పెట్టాను. వార్నిష్ కాలిపోయింది, పొడి మళ్ళీ తెల్లగా బయటపడింది. పారెయ్యబోతూ, ఎలాగూ చేతిలో ఉంది కదా అని పరీక్ష గదిలో పెట్టాను. పక్క గదికి వెళ్ళి వచ్చేసరికి ఆవిరిని కొలిచే ముల్లు పడిపోతోంది. యంత్రం పాడైందనుకున్నాను. ఆవిరి మళ్ళీ నింపాను, మళ్ళీ పడిపోయింది. నేను పంతం పట్టి చేసిన అందాల పొడి దీని ముందు దిగదుడుపే.

ఫర్నేసు వేడి వల్లనేమోనని అనుమానం వచ్చింది. చదును పొడిని కూడా అంతే వేడిలో పెట్టి చూశాను. కొంచెం మెరుగైంది గాని దీని దరిదాపులకు రాలేదు. ఆవిరి మాయమైతే సరిపోదు, సగంలో ఆగిపోయి ఇంకో విషం కాకూడదు. అది కూడా చూశాను. చివరిదాకా ముక్కలవుతోంది.

ఎందుకో ఇప్పుడు తెలిసింది. వెలుగు పడగానే స్ఫటికం లోపల రెండు విద్యుదావేశాలు పుడతాయి, ఒకటి ధనం, ఒకటి రుణం. రెండూ విడివిడిగా పైకి వస్తేనే పని. లోపలే కలుసుకుంటే ఒకదాన్నొకటి చల్లార్చేసుకుంటాయి. చదును ముఖం ఒకదాన్ని తన వైపు లాక్కుంటుంది, ఏటవాలు ముఖం రెండోదాన్ని లాక్కుంటుంది. నేను ఏటవాలు ముఖాన్ని బద్ధకమని తిట్టి, చెక్కి పారేసేసరికి, రెండోదానికి బయటికి వచ్చే దారే లేకుండా పోయింది. ఇలా ఉండొచ్చని ఎక్కడెక్కడో కొందరు రాసిన మాటే. నేనూ చదివాను, చదివి పక్కన పెట్టాను. నా కళ్ళకు చదును ముఖమే కనిపించింది. నవ్విన నాపచేనే పండింది వదినా. నువ్వు వార్నిష్ వేసి ఉండకపోతే ఆ పలకలు ఎప్పటికీ వెనక్కి వచ్చేవి కావు, నేను ఆ పొడిని ఎప్పటికీ పరీక్షించేదాన్ని కాదు.

మేడం ముఖాల పని ఎన్నాళ్ళని మళ్ళీ అడగలేదు. "రెండూ ఏ పాళ్ళలో ఉంటే బాగుంటుందో చూడు" అన్నారు. రెండూ సరిగ్గా సగంసగం ఉండాలనేం లేదు, ఇంకా చూడాల్సింది చాలా ఉంది.

కొత్త పెట్టె వస్తోంది, పాతదానికి రెండింతలు, కొత్త బిళ్ళలతో సహా. ఈసారి పొడి రాలకుండా పలకల మీద కాల్చి అతికించాను. గట్టిగా చెబుతున్నాను, బ్రష్ దాని దరికి రాకూడదు. ఒక్క పెట్టెతో అంతా అయిపోతుందని కూడా అనుకోకు. మూతికి మాస్క్ కట్టుకో. పూత వేసినవి ఆరడానికి వేరే గది ఉండాలి, పెట్టె ఒకటి అక్కడ కూడా పెట్టాలి. థిన్నర్ డబ్బాకు మూత పెట్టు. నువ్వు పెట్టవు, నాకు తెలుసు.

నీ మరదలు


ప్రయోగశాల
(కార్డు)

వదినా, కొత్త బిళ్ళలు చదివాను. మూడింట రెండొంతులు తగ్గింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను, అంతే ఉంది. ఈ కార్డు డాక్టరమ్మకు చూపించు. వెంటనే రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.


కార్ఖానా కింది గది నుంచి

మరదలు పిల్లకి,

ఉత్తరం పైన రాసింది చూశావా, కింది గది. పూత వేసే గదిలోనే స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను.

డాక్టరమ్మ దగ్గరికి నిన్న వెళ్ళాం. ఊదమంది. మీ అన్నయ్య నా పక్కన నిలబడి తనూ బుగ్గలు పూరించాడు, ఆయన ఊదితే నాకు కలిసొస్తుందన్నట్టు. ఆవిడ చూసింది. ఇంకోసారి అంది. కళ్ళజోడు తీస్తుందేమోనని చూశాను. ఆవిడ మాత్రం "ఈసారి బాగా ఊదారు, అందుకని నమ్మకం కోసం మళ్ళీ అడిగాను" అంది. పోయిన ఊపిరంతా తిరిగి రాలేదట, కొంత ఎప్పటికీ రాదట. కానీ తగ్గడం ఆగింది, కాస్త పైకి లేచింది. రోజుకు ఒక పూట పని చేసుకోవచ్చు, మాస్క్ తియ్యకూడదు, రెండు నెలలకోసారి వచ్చి ఊదాలి. నీ కార్డు రెండుసార్లు చదివి, "ఇలాంటి పెట్టె చెప్పులు అతికించేవాళ్ళ గదికి పనికొస్తుందా? నా దగ్గరికి చాలామంది వస్తారు" అని అడిగింది. జిగురు ఆవిరి సంగతి నాకు తెలియదు, మా మరదల్నే అడగాలన్నాను. అడుగుతున్నాను.

నీ ముఖాల కథ మీ అన్నయ్యకు చదివి వినిపించాను. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఇక్కడేమో రెండూ ఉంటేనే పని జరుగుతోందట" అన్నాను. వెంటనే చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ఎక్కడికెళ్ళావంటే, ఫ్యాక్టరీకి, రానని చెప్పడానికి అన్నాడు.

"ఏమని చెప్పావు?"

"మా ఆవిడకి నేను లేకపోతే పని నడవదని చెప్పా."

"నిజం చెప్పు."

"నువ్వు లేకపోతే నేనే నడవనని చెప్పాన్లే. ఇంక విసిగించకు."

అని వెనక గదిలోకి పోయాడు. ఆరబెట్టడానికి వేరే గది కావాలన్నావు కదా, తన చెక్కలు పెట్టుకునే గది ఖాళీ చేసి, తలుపు బిగించి నాకు ఇచ్చేశాడు. తన చెక్కలన్నీ మెట్ల మీద పేర్చాడు. ఇప్పుడు పైకి వెళ్ళాలంటే పక్కకు తిరిగి ఎక్కాలి. నేను సర్దుకుపోయాను. ఈ ఒక్కసారికి.

నీకు ఎంత చెప్పినా తక్కువే. నేను బతుకుతానో లేదో అని నాకు ఎప్పుడూ భయం లేదు. బతికి, చేతులు కట్టుకుని పైన కూర్చోవాలేమోనని భయపడ్డాను. ఆ భయం తీసేశావు. నువ్వు నా సొంత చెల్లెలివైనా ఇంతకన్నా చేసేదానివి కాదు.

ఇంకా రాయాల్సింది చాలా ఉంది గాని ఆపేస్తున్నాను. పొద్దున్నే బడివాళ్ళ కొత్త విడత బెంచీలకు వేసిన మొదటి పూత ఆరిపోయింది. చెయ్యి పెట్టి చూశాను, అంటడం లేదు. రెండో పూత వెయ్యాలి.

మీ వదిన